పావురాల బురుజు పొట్టి తలుపు

ఆ ఊళ్ళో ఎంతటివాడి చేతనైనా తల వంచించగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన జడ్జీ కాదు, పోలీసూ కాదు. తాపీ మేస్త్రి. బస్సు డిపో వెనక, కలప అడితికి ఆనుకుని ఉన్న పాత పావురాల బురుజు తాళంచెవి ఆయన జేబులో ఉండేది. ఆ బురుజు తలుపు మనిషి నడుము దాకా కూడా రాదు. లోపలికి పోవాలంటే ఎవరైనా సరే నడుం మడిచి, గడ్డం మోకాళ్ళకు ఆనించి, పీతలా పక్కకి జరుగుతూ దూరాల్సిందే. ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు అలా దూరుతుంటే వెనక నిలబడి చూడటం మేస్త్రికి పండక్కి కొత్త బట్టలు కట్టినంత సంబరం.

"తల వంచండి సార్. ఇంకాస్త. మీకంటే గొప్పవాళ్ళు కూడా వంచారు," అనేవాడు.

అందుకే ఊరంతా ఆయన్ని తలవంచు మేస్త్రి అంది. అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

బురుజంటే కోట బురుజు అనుకునేరు. అందులో ఫిరంగులూ లేవు, సైనికులూ లేరు. గుండ్రంగా, పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడి, నెత్తిన కుళ్ళాయి పెట్టుకున్న లావుపాటి మనిషిలా ఉంటుంది. ఆ కుళ్ళాయి చుట్టూ పావురాలు వచ్చిపోయే కన్నాలు. వాటి కింద చుట్టూరా నున్నటి పలకరాళ్ళ పట్టీ. ఎలుకలూ పాములూ అక్కడిదాకా ఎగబాకినా పట్టు దొరక్క జారి పడాలి. లోపల నేల నుంచి కప్పు దాకా గోడ నిండా గూళ్ళు, వరస మీద వరస. మధ్యలో ఒక నిట్టాడు, కప్పుదాకా నిలువు స్తంభం. ఆ నిట్టాడుకు చేతుల్లాంటి రెండు కమ్మీలు, వాటికి వేలాడే నిచ్చెన. నిచ్చెనెక్కి గోడను చేత్తో తోస్తే చాలు, నిట్టాడు తిరుగుతుంది, మనిషి గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఏ గూడునైనా అందుకోగలడు.

ఎరువులు బస్తాల్లో రాని కాలంలో ఈ పావురాలను మేపింది ముచ్చటకి కాదు, రెట్ట కోసం. తోటల వాళ్ళకు ఆ రెట్ట బంగారం. బస్తాలొచ్చాక బంగారం కాస్తా మళ్ళీ రెట్ట అయిపోయింది. బురుజును పట్టించుకున్న నాథుడు లేడు. కొన్నాళ్ళు పాత టైర్లు దాచారు, కొన్నాళ్ళు మేకల్ని కట్టారు. తాగుబోతులు మాత్రం చేరలేదు; ఆ తలుపులోంచి దూరాలంటే తాగకుండా ఉండాలి. చివరికి కూల్చేద్దామని ఎవరో, వద్దని ఇంకెవరో కొట్టుకుని, వద్దన్నవాళ్ళు గెలిచారు. పాత కట్టడాలు చూసే ఆఫీసువాళ్ళు బోర్డు పాతి, మరమ్మతుకు ఒక తాపీ పనివాణ్ణి పిలిచారు. ఆ వచ్చినవాడు మన మేస్త్రికి మేనమామ. మామ వెనకాలే సున్నం బొచ్చె మోసుకుంటూ వచ్చినవాడు మన మేస్త్రి.

మామ దగ్గర ఆయన నేర్చింది ప్రధానంగా ఓపిక. సున్నాన్ని గుంటలో నానబెట్టి, కాలం మారేదాకా దాని మొహం చూడకుండా ఉండాలి. తాపీతో తీస్తే వెన్నలా జారాలి, పలుకు తగిలితే మళ్ళీ గుంటలోకే. ఏటా వానలకు ముందు లోపలి గూళ్ళన్నిటికీ సున్నం పూత పడాలి. పూత పడితే పురుగు పట్టదు, గూడు రాలదు, పావురం పోదు. మామ పోయాక తాళంచెవి మేనల్లుడికి వచ్చింది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు కట్టినా, ఎన్ని ప్రహరీలు లేపినా, మేస్త్రి లెక్కలో అవన్నీ కూటి కోసం. బురుజు మాత్రం తనది.

ఆ పొట్టి తలుపు మీద ఆయనకో సిద్ధాంతం ఉండేది. చూడవచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

"పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు సార్. తలుపు ఎత్తుగా ఉంటే వెలుతురు తన్నుకొచ్చేస్తది. పావురం బెదిరిపోద్ది. అదే మనిషి నాలుగు కాళ్ళ మీద వచ్చాడనుకోండి, పావురం కంటికి వాడు మనిషి కాదు, మేక. మేకంటే పావురానికి భయం ఉండదు. ఇదిగో, తలుపుకి ఈ కన్నం చూశారా? లోపలికెళ్ళే ముందు పావురాలు ఏ మూడ్‌లో ఉన్నాయో చూసుకోడానికి!"

వినేవాళ్ళు తలలూపేవారు. ఒక స్కూలు మాస్టారు దీన్ని పిల్లలకు పాఠంలా చెప్పాడు. ఒక పేపరాయన ఫోటోతో సహా వేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఒకడంటే మొండితనం, ఊరంతా అంటే చరిత్ర.

ఊరు ఊరంతా వంగింది కానీ, ఒక్క మనిషి వంగలేదు. ఆయన భార్య.

ఆవిడ ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లూ స్కూలు డ్రెస్సులూ కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో అందరూ భార్యను సినిమాకి తీసుకెళితే ఈయన బురుజు చూపించడానికి తీసుకెళ్ళాడు. ఆవిడ తలుపు వంక ఒకసారి, మొగుడి వంక ఒకసారి చూసింది.

"దీంట్లోకా? తాళి కట్టించుకోడానికి కూడా నేనింత వంగలేదయ్యా. తలుపు పెంచు, అప్పుడొస్తా."

"ఒక్కసారి వంగితే ఏమైందే?"

"ఒక్కసారి వంగితే అలవాటైద్ది."

అంతే. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు, తలా ఒక ఊళ్ళో స్థిరపడ్డారు. వాళ్ళు కూడా ఆ తలుపులోంచి దూరి ఆడుకున్నవాళ్ళే. ఆవిడ మాత్రం మధ్యాహ్నం టీ తెచ్చినా బయటి రాతి తిన్నె మీద పెట్టి కేకేసేది. మేస్త్రి అప్పుడప్పుడూ దెప్పేవాడు: "మొక్కై వంగనిది మానై వంగుద్దా!"

"వంగదు. ఆ మానునే నరికి తలుపు చేయించుకో, కాస్త పొడుగ్గా."

ఇలా నడుస్తున్న కాపురంలో, ఒక రోజు సున్నం బానను ఎత్తబోయి మేస్త్రి నడుం పట్టేసింది. పట్టేసిన నడుం మళ్ళీ వదల్లేదు. డాక్టరు ఫోటో తీయించి, దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, తేల్చి చెప్పాడు: "నిలబడండి, నడవండి, నిచ్చెన కూడా ఎక్కండి, నాకేం అభ్యంతరం లేదు. వంగితే మాత్రం మంచమే."

ప్రపంచంలో వంగే పనులు ఎన్ని ఉన్నాయో వంగలేనివాడికే తెలుస్తుంది. చెప్పుల్ని కాలి వేళ్ళతో వెతుక్కోవాలి. కింద పడిన చిల్లర కింద పడిన చోటే ఉండాలి. మేస్త్రి అన్నిటికీ అలవాటు పడ్డాడు, బురుజుకు తప్ప. జనాన్ని జీవితమంతా వంచిన మనిషి ఇప్పుడు తానే వంగలేడు. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియక ఎవరికీ చెప్పడం మానేశాడు.

చెబితే తాళంచెవి పోతుంది. అదీ అసలు సంగతి. లోపలికి పోయి చూసుకోగల మనిషి దగ్గరే తాళంచెవి ఉండాలని ఆఫీసు నియమం. పోలేనివాడు ఇచ్చేయాలి, వేరే ఊరి కాంట్రాక్టరుకు అప్పగిస్తారు. వాళ్ళిచ్చే జీతం మేస్త్రికి టీ ఖర్చులకే సరిపోదు, ఆయన దిగులు దాని కోసం కాదు. జేబులో ఆ ఇనుప తాళంచెవి ఉన్నంతసేపూ ఆయన తలవంచు మేస్త్రి. అది పోయిన మర్నాటి నుంచి నడుం నొప్పి ముసలాడు.

కాబట్టి ఆయన నటించాడు. రోజూ పొద్దున్నే బురుజు దగ్గరికి పోయేవాడు. తలుపు తీసి, పక్కన నిటారుగా నిలబడి, పొడుగాటి కర్రకు రేకు కట్టి అందినంత మేర రెట్ట లాగేవాడు. గింజలు బయట చల్లేవాడు. ఆఫీసు నుంచి ఫోనొస్తే "లోపలంతా భేషుగ్గా ఉంది సార్" అనేవాడు. చూసినవాడెవడు? రెండు వానాకాలాలు సున్నం పూత లేకుండా గడిచాయి. లోపల ఏ వరస రాలిందో, ఏ గూడు కూలిందో ఆయనకు తెలియదు. పైన గుర్రుగుర్రుమనే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. డాక్టరు దగ్గర వేరే గదిలో ఉన్న తన బిడ్డ ఏడుపు విన్నట్టు విని, ఇంటికొచ్చేవాడు.

భార్యకు తెలియదా? మొగుడి చొక్కాకు సున్నం మరకలు పడటం ఎప్పుడు ఆగిందో ఉతికేదానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! ఆవిడ అడగలేదు. ఆయన చెప్పలేదు.

అప్పుడే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచీ, చేతిలో టేపు, నుదుట చెమట. మేస్త్రి ఆ పిల్లకు చూడగానే పేరు పెట్టేశాడు: కొలతలమ్మాయి. రెండు రోజులు బురుజు చుట్టూ తిరిగి బయటంతా కొలిచింది. వెళ్ళే ముందు తలుపు దగ్గర ఆగి, పైన గోడ మీద అరచేత్తో తట్టింది.

"బాబాయ్, ఇక్కడ గోడ చప్పుడు వేరేగా ఉంది. పక్కన తడితే ఒకలా, ఇక్కడ తడితే ఒకలా. ఈ తలుపు ఒకప్పుడు ఎత్తుగా ఉండి, తర్వాత పైన మూసేశారేమో."

మేస్త్రి పగలబడి నవ్వాడు.

"తల్లీ, నువ్వు పుట్టకముందు నుంచీ దీనికి లోపలా బయటా సున్నం కొడుతున్నాను. మూసిన తలుపుంటే నా కుంచెకి తెలీదా?"

"తెలిసుండొచ్చు. నేను తట్టాను కాబట్టి అడుగుతున్నా."

"పుచ్చకాయని తట్టినట్టు గోడని తడితే ఎలాగమ్మా!"

ఆ పిల్ల కూడా నవ్వేసింది. కోపం తెచ్చుకునే రకం కాదు. "సరే బాబాయ్, ఈసారి వచ్చినప్పుడు లోపల కొలవాలి. మీరే దగ్గరుండి చూపించాలి. నాకు నిచ్చెన తిప్పడం రాదు," అని బస్సెక్కింది.

మేస్త్రి నవ్వు ఆ బస్సుతో పాటే పోయింది.

కొన్ని వారాల తర్వాత ఫోనొచ్చింది: రేపు వస్తున్నాను, పొద్దున్నే లోపలికి పోదాం. ఆ సాయంత్రం మేస్త్రికి అన్నం సయించలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది పరిస్థితి. నిజం చెబితే తాళంచెవి పోతుంది. చెప్పకపోతే రేపు తలుపు ముందు పోతుంది. ఆలోచించి ఆలోచించి, తెల్లవారేసరికి ఆయన బుర్రకు ఒక ఉపాయం తట్టింది. డాక్టరు వంగొద్దన్నాడు. పాకొద్దని అనలేదుగా! ఆ పిల్ల వచ్చేలోపు బల్లిలా బోర్లా పడుకుని లోపలికి పాకిపోతే, లోపల నిలబడి "రా తల్లీ" అని పిలవొచ్చు. ఎలా వచ్చాడో ఎవరు చూడొచ్చారు?

తెలివైనవాళ్ళకు ఇలాంటి ఉపాయాలు తట్టవు.

అడితిలో ఇంకా రంపం మొదలుకాలేదు. మేస్త్రి తలుపు తీసి, ద్వారం అంచు పట్టుకుని, కాళ్ళు వెనక్కి జార్చుకుంటూ మెల్లగా నేల మీద బోర్లా పడుకున్నాడు. తల దూరింది. భుజాలు దూరాయి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి గడప కొక్కేనికి చొక్కా తగులుకుంది. విడిపించుకుందామని కాస్త మెలి తిరిగాడు. అంతే, నడుంలో ఎవరో మేకు దిగగొట్టినట్టయింది.

కాసేపు ఊపిరి కూడా అందలేదు. ఎలాగోలా పళ్ళు బిగబట్టి, దుంగ దొర్లినట్టు వెల్లకిలా దొర్లాడు. వెల్లకిలా పడ్డాక ప్రాణం కుదుటపడింది కానీ కదల్లేడు. నడుం పైభాగం బురుజులో, కింది భాగం ఎండలో. ఒక పావురం దిగి వచ్చి ఆయన చెవి పక్కన నడుస్తూ మొహంలోకి చూసింది. మనిషీ కాదు, మేకా కాదు, ఇదేం జంతువో దానికి అర్థం కాలేదు.

"ఏం చూస్తావు? ఎప్పుడూ చూళ్ళేదా?" అన్నాడు మేస్త్రి.

చాన్నాళ్ళ తర్వాత లోపలికి వచ్చాడు, సగమైనా. పైన కన్నాల్లోంచి దిగే వెలుతురు, గూళ్ళ వరసలు, మధ్యలో నిట్టాడు. అక్కడక్కడా గూళ్ళ అంచులు రాలాయి. అనుకున్నంత కాదు. బాగు చేసుకోవచ్చు. ఆ ధైర్యంతో చూపు మెల్లగా కిందికి తెచ్చాడు, తన నెత్తిన ఉన్న గోడ మీదికి, తలుపు పైభాగం మీదికి.

ఆ గోడను ఆయన ఎన్నడూ అలా చూడలేదు. వంగి వచ్చేవాడు నేల చూస్తూ వస్తాడు. వచ్చి లేచి నిలబడేసరికి తలుపు వీపు వెనక ఉంటుంది. ఇక సున్నం వేసేటప్పుడు చూశాడంటే, ప్రతి ఏడూ పాత పూత మీదే కొత్త పూత. ఈసారి మాత్రం రెండు వానాకాలాల చెమ్మకు పూత పొరలు పొరలుగా ఊడిపోయింది. ఊడిన చోట తలుపుకు రెండు వైపులా తిన్నగా పైకి పోయే రెండు గీతలు కనిపించాయి. దారం కట్టి గీసినట్టున్నాయి. గీతల మధ్య సన్నటి ఇటుకలు, గీతల అవతల గోడ రాళ్ళు. గీతలు ముగిసే చోట, మనిషి నిలబడి చెయ్యెత్తితే అందేంత ఎత్తున, అడ్డంగా ఒకే పెద్ద రాయి. ఆ రాతికి ఒక మూల గుండ్రటి గుంట. పాతకాలపు తలుపు బొడిపె తిరిగే గుంట.

మేస్త్రి ఆ గుంట వంక చాలాసేపు చూశాడు. తాపీ పట్టినవాడికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు పొడుగుదే. మూసింది ఎవరో తెలియదు కానీ, ఆ మూసిన సంగతిని ఏటా శ్రద్ధగా, నున్నగా, కుంచెతో దాచిపెట్టింది మాత్రం మామా తనూ.

"ఏమయ్యా!" బయట భార్య గొంతు. "ఆ కాళ్ళు నీవేనా?"

"నావే."

"ప్రాణం ఉందా?"

"ఉంది కాబట్టే పలుకుతున్నా."

"పలకడానికేం, పోయాక కూడా వాదిస్తావు నువ్వు. కాళ్ళు ఊపు."

ఊపాడు.

"బాగుంది. పక్క మీద లేకపోతే ఎక్కడికి పోయావా అనుకున్నా. తలుపులో సగం దిగబడి ఉంటావని మాత్రం అనుకోలేదు. నడుమేనా?"

"నీకు తెలుసా?"

"రెండేళ్ళుగా నీ చొక్కా ఒక్క పిండుకే తెల్లబడుతోంది. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి అడగలేదే?"

"నువ్వు చెబుతావేమో చూద్దామని."

అడితికెళ్ళి ఎవర్నైనా పిలుస్తానంది. వద్దన్నాడు. ఊరంతా తెలిసిపోతుంది. అప్పుడావిడ చుట్టూ చూసి, రెట్ట నింపే ఖాళీ గోనెపట్టా ఒకటి తెచ్చింది. దాన్ని మొగుడి వీపు కిందికి జరపాలంటే మోకాళ్ళ మీద కూర్చుని, తల ఆ తలుపులో పెట్టి, చేతులు లోపలికి చాపాలి. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది. తలుపులో తల పెట్టి పట్టాను జరిపి, కొక్కెం నుంచి చొక్కా విడిపించింది. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి, ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

"వంగావు," అన్నాడు మేస్త్రి. అంత నొప్పిలోనూ మొహం వెలిగిపోయింది.

"నీ తలుపుకి వంగలేదు. నీ బరువుకి వంగాను. నోర్మూసుకుని చేతులు దగ్గర పెట్టుకో." వెనక్కి జరిగి, పట్టా కొసలు చుట్టి పట్టుకుని, గడపకు కాలు తన్నిపెట్టి లాగింది. బస్తా జారినట్టు మేస్త్రి ఎండలోకి జారి వచ్చాడు.

రాతి తిన్నెకు వీపు ఆనించి కూర్చోబెట్టాక ఆయన అన్న మొదటి మాట, "తలుపు పొడుగుదేనే."

"ఏ తలుపు?"

"ఇదే. ఆ పిల్ల చెప్పింది నిజం. నేనే దాన్ని ఎగతాళి చేశాను."

ఆవిడ చెంగుతో మొగుడి తలలోంచి రెట్ట దులుపుతూ, "ఐతే ఇన్నాళ్ళూ నేనడిగింది కొత్త తలుపు కాదన్నమాట. పాత తలుపే," అంది. ఆ తృప్తిని ఆవిడ దాచుకోవాలని కూడా ప్రయత్నించలేదు.

కొలతలమ్మాయి బస్సు దిగి వచ్చేసరికి ఇద్దరూ తిన్నె మీద ఉన్నారు. మేస్త్రి లేవలేదు. జేబులోంచి తాళంచెవి తీసి పక్కన పెట్టి, మొదట నడుం సంగతి చెప్పాడు. పూత వేయని సంగతి చెప్పాడు. ఆ తర్వాత గోడ సంగతి.

"గీతలు, పైన బండ, బొడిపె గుంట. అన్నీ ఉన్నాయి. నువ్వు పుచ్చకాయ బాగానే తట్టావమ్మా."

ఆ పిల్ల తాళంచెవి వైపు చూడను కూడా లేదు. సంచీ కింద పడేసి, టార్చి పట్టుకుని లోపలికి దూరింది. కాసేపటికి లోపలి నుంచి గట్టిగా ఒక కేక వినిపించింది. పావురాలు టపటపా లేచాయి. మట్టికొట్టుకున్న మోకాళ్ళతో బయటికొచ్చి, మేస్త్రి ముందు కూర్చుంది.

"బాబాయ్, దీన్ని మళ్ళీ తెరవాలంటే ఎన్నాళ్ళు?"

"తెరుస్తారా?"

"మొదట ఎలా ఉందో అలా ఉంచడమే కదా మా పని. మా పెద్దసారు ఒప్పుకోవాలి, రాయిస్తాను. పనికి మిమ్మల్నే రాస్తాను." అప్పుడు తాళంచెవి చూసింది. "ఇదెందుకు ఇక్కడ పెట్టారు?"

"లోపలికి పోలేనివాడి దగ్గర ఉండకూడదంటగా."

"తలుపు తెరిస్తే పోగలరా?"

మేస్త్రి సమాధానం చెప్పకముందే ఆయన భార్య అందుకుంది. "పోతాడమ్మా. నిలబడి పోనిస్తే ఎక్కడికైనా పోతాడు. మా ఆయనకి వంగడమే చేతకాదు, అప్పుడూ ఇప్పుడూ."

"తెరిచేదాకా మీ దగ్గరే ఉంచండి," అంది ఆ పిల్ల. "తెరిచాక మీరు లోపలికి పోతే మీదే. పోలేకపోతే అప్పుడు తీసుకుంటాను. మాట దాచను బాబాయ్, అప్పుడు తీసుకోవాల్సిందే."

"న్యాయమే," అన్నాడు మేస్త్రి.

అనుమతి వచ్చేసరికి నడుం కూడా కాస్త సర్దుకుంది. పావురాలు గుడ్ల మీద లేని రోజులు చూసుకుని పని మొదలుపెట్టారు. అదృష్టం ఏమిటంటే, ఇటుకలన్నీ పొట్టి తలుపుకు పైనే ఉన్నాయి. మేస్త్రి నిటారుగా నిలబడి, ఉలీ సుత్తీ పట్టుకుని పై వరస నుంచి ఒక్కో ఇటుకా విప్పుకుంటూ వచ్చాడు. కింద పడినవాటిని భార్య ఏరి దొంతర పెట్టింది. కొలతలమ్మాయి ప్రతి వరసకూ ఫోటో తీసింది. చివరికి, ఇటుకల బరువు మోస్తున్న అడ్డకర్ర బయటపడింది. అది కట్టడానికి చెక్కిన దూలం కాదు. ఒక విరిగిన బండి నొగ.

అప్పుడు ఆ పిల్ల పొట్టి తలుపును ఊడదీసి గోడకు ఆనించి, ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

"బాబాయ్, ఇది తలుపు కాదు. బీరువా రెక్క. ఈ కన్నం తాళం బుర్ర ఊడగొట్టిన కన్నం."

అదీ సంగతి. పెద్దల శాస్త్రం లేదు, వెలుతురు లెక్కా లేదు. ఎప్పుడో అసలు తలుపు పుచ్చిపోయింది. కొత్తది చేయించడానికి ఎవరికో బద్ధకమైంది. చేతికి ఒక బీరువా రెక్క దొరికింది, అది చాలలేదు. చాలని మేర ఇటుకలు పెట్టి మూసేశారు. ఆ బద్ధకం ముందు ఊరు ఊరంతా, పేపరాయనతో సహా, తల వంచింది.

మేస్త్రి ఆ కన్నంలో వేలు పెట్టి చూసుకున్నాడు. మొదట మొహం మాడింది. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత నడుం పట్టుకుని మరీ నవ్వాడు. "స్కూలు మాస్టారికి చెప్పొద్దు తల్లీ. పిల్లలు పరీక్షలో రాసేశారు."

ఆఖరి ఇటుక తీసి, నొగను దించారు. వరస వరసకూ పెరుగుతూ వచ్చిన వెలుతురు ఇప్పుడు నిండుగా బురుజులో పడింది. పావురాలన్నీ ఒకేసారి లేచి, పై కన్నాల్లోంచి పొగలా బయటికి పోయి, డిపో రేకుల మీద వాలాయి. మేస్త్రి నవ్వు ఆగిపోయింది. గబగబా తలుపు చోట గోనెపట్టాలు కుట్టిన తెర కట్టించాడు. అయినా అవి రాలేదు. మధ్యాహ్నం దాటింది. పావురాలు రేకుల మీదే ఉన్నాయి.

"పోయాయి. నా నడుం కోసం వాటి కొంప కూల్చాను," అన్నాడు.

"కంగారు పడకు. అవీ నీలాంటివే. కాసేపు అలిగి వస్తాయి."

"వెలుతురంటే బెదురు వాటికి."

"ఏ వెలుతురయ్యా! అవి ఏనాడైనా నీ తలుపులోంచి వచ్చాయా? పై నుంచి వస్తాయి, పై నుంచి పోతాయి. కింద తలుపుందని వాటికి తెలుసో తెలీదో కూడా."

పొద్దు వాలుతుంటే ఒక పావురం లేచి, డిపో మీద ఒక చుట్టు తిరిగి, కుళ్ళాయి మీద వాలింది. అటూ ఇటూ చూసి కన్నంలో దూరింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టే అవసరం లేకపోయింది.

కొత్త తలుపు అడితి కలపతోనే చేయించారు, పాత బొడిపె గుంటలోనే తిరిగేలా. దాన్ని బిగించిన రోజు కొలతలమ్మాయి పక్కకి తప్పుకుని నిలబడింది. మేస్త్రి గడప దగ్గర ఆగాడు. కాళ్ళు అలవాటుగా ఎడం అయ్యాయి, చేతులు మోకాళ్ళ వైపు పోబోయాయి. ఆయన తటపటాయిస్తుంటే భార్య పక్కనుంచి దాటుకుని, చేతిలో టీ ఫ్లాస్కుతో, వీధిలో నడిచినంత మామూలుగా లోపలికి నడిచింది.

లోపల నిలబడి పై దాకా చూసింది. ఒక చుట్టు తిరిగి చూసింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఆవిడ ఏమంటుందోనని ఎదురుచూశాడు, పరీక్ష రాసి మాస్టారి ముందు నిలబడ్డవాడిలా.

"బాగుంది," అంది. కాసేపాగి, "ఇంత బాగుంటుందని చెప్పొచ్చుగా!"

"వంగితే కనబడుద్దని చెప్పానుగా."

"అలా కాదు. మామూలుగా చెప్పొచ్చుగా."

మేస్త్రి నిటారుగా నడిచి లోపలికి వచ్చాడు. కొలతలమ్మాయి తన కాగితంలో ఏదో రాసుకుని, తాళంచెవి ఆయన జేబులోనే ఉందని జేబు మీద ఒకసారి తట్టి, బస్సుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఒక్కటే చెప్పింది: తలుపు పక్కన ఆ గీతలున్న చోట సున్నం వేయొద్దు, చూడవచ్చేవాళ్ళకు అవి కనబడాలి.

వానలకు ముందు పూత మొదలైంది. బాన ఎత్తడం, కిందివి అందుకోవడం భార్య పని. మేస్త్రి నిచ్చెనెక్కి నిలబడతాడు. కింద నుంచి ఆవిడ కమ్మీని పట్టుకుని తోస్తుంది, నిట్టాడు కిర్రుమంటూ తిరుగుతుంది, మేస్త్రి గూడు తర్వాత గూడుకు పూత వేసుకుంటూ పోతాడు. సున్నం చుక్కలు ఆవిడ తల మీద పడతాయి. ఆవిడ తిడుతుంది. పావురాలు పై వరసల్లోంచి వంగి చూస్తాయి.

కింది వరసల దాకా దిగి, తలుపు పక్కకి వచ్చేసరికి కుంచె తనంతట తానే గీత మీదికి పోయింది.

"అక్కడొద్దన్నారుగా!"

"చెయ్యి అలవాటే, ఏం చెయ్యను." కుంచెను వెనక్కి లాక్కుని, అంచు మీద పడిన తడిని బొటనవేలితో తుడిచాడు. ఆ జానెడు గోడను, జీవితంలో మొదటిసారి, సున్నం లేకుండా వదిలేసి, "తొయ్," అన్నాడు.

ఆవిడ తోసింది.